కమ్యూనిస్టు పాలన పోయాక నాటకశాలలకు, పుస్తకాలకు, సినిమాలకు డబ్బు ఎవరిచ్చారు? (తూర్పు జర్మనీ, పోలండ్, హంగరీ)

ఓరుగల్లు_పాఠకుడు:

1989 తర్వాతి తూర్పు యూరప్ మీద తెలుగులో దొరికే వ్యాసాలు చాలావరకు ఒకే చోట ఆగిపోతున్నాయి. సెన్సార్ పోయింది, విగ్రహాలు దిగాయి, రచయితలు నోరు విప్పారు. అంతవరకే. ఆ మర్నాటి సంగతి కావాలి నాకు. ప్రభుత్వమే జీతాలిచ్చి నడిపిన నాటకశాలలు, ఆర్కెస్ట్రాలు, సినిమా స్టూడియోలు, ఫ్యాక్టరీ సాంస్కృతిక భవనాలు ఎవరి చేతికి పోయాయి? ఏ చట్టం కింద? ఏవి నిలబడ్డాయి, ఏవి మూతపడ్డాయి, ఎందుకు? తెలిసినవాళ్ళు విడమరిచి రాయండి.

పద్దుల_పుస్తకం:

మంచి ప్రశ్న. తూర్పు జర్మనీతో మొదలుపెడతాను. అక్కడ ప్రతి అడుగూ కాగితం మీద ఉంది కాబట్టి కారణాలు స్పష్టంగా కనబడతాయి.

పాత వ్యవస్థలో విధానం బెర్లిన్‌లోని సంస్కృతి మంత్రిత్వ శాఖది. డబ్బు మాత్రం నాలుగైదు దారుల్లో వచ్చేది: కేంద్ర బడ్జెట్, బెర్లిన్‌తో కలిపి 15 జిల్లాల పాలక మండళ్ళు, పట్టణాలు, కార్మిక సంఘాలు, ఫ్యాక్టరీల సంక్షేమ నిధులు. 1990 అక్టోబర్ 3న రెండు జర్మనీలు కలిసేసరికి ఈ దారులన్నీ ఒక్కసారి తెగాయి. పశ్చిమ జర్మనీ రాజ్యాంగం ప్రకారం సంస్కృతి రాష్ట్రాల పని, కేంద్రానిది కాదు. తూర్పున అప్పుడే పుట్టిన 5 రాష్ట్రాలకు ఖజానా లేదు, ఈ పని తెలిసిన అధికారులూ లేరు.

అందుకే 1990 ఆగస్టు 31న సంతకమైన ఏకీకరణ ఒప్పందంలో 35వ అధికరణం పెట్టారు. తూర్పు ప్రాంతపు సాంస్కృతిక సంపదకు నష్టం కలగకూడదని అందులో ఉంది. అంతకన్నా పనికొచ్చిన మాట ఇంకొకటి ఉంది: మార్పు కాలంలో కేంద్రం కూడా ఖర్చు పంచుకోవచ్చు. ఆ వాక్యం ఆధారంగానే 1991 నుంచి 1993 దాకా కేంద్రం నాటకశాలలకు, ప్రదర్శనశాలలకు, పాత కట్టడాల మరమ్మతులకు డబ్బిచ్చింది.

గడువు 1993తో తీరిపోయింది. అసలు కష్టం అక్కడ మొదలైంది. జర్మనీ స్థానిక పాలన చట్టాల్లో పనులు రెండు రకాలు. కొన్ని తప్పనిసరి, కొన్ని ఐచ్ఛికం. బడి, మురుగునీరు, అగ్నిమాపక దళం మొదటి రకం. సంస్కృతి రెండో రకం. పట్టణం బడ్జెట్ లోటులో పడితే పై అధికారులు ముందు ఐచ్ఛిక ఖర్చుకే కోత పెట్టమంటారు. ఫ్యాక్టరీలు మూతపడి పన్నుల రాబడి పోయిన పట్టణంలో ఆ కోత ఎవరి మెడకు చుట్టుకుంటుందో చెప్పనక్కర్లేదు.

నాటకశాల:

పై పోస్టుకు లోపలి లెక్కలు కలుపుతాను.

జర్మనీలో పట్టణ నాటకశాల అంటే అద్దెకిచ్చే హాలు కాదు. సొంత నటులు, గాయకులు, కోరస్, బ్యాలే, ఆర్కెస్ట్రా, దర్జీలు, వడ్రంగులు, లైటింగ్ సిబ్బంది, అందరూ నెలజీతం మీద ఉంటారు. ఖర్చులో సింహభాగం జీతాలే. టికెట్ల రాబడి ఖర్చులో ఐదో వంతుకు కూడా రాదు. మిగతాదంతా ప్రభుత్వ సొమ్ము. పశ్చిమాన కూడా అంతే.

తూర్పున 1990లో రెండు దెబ్బలు కలిసి పడ్డాయి. జూలై 1న ద్రవ్య ఏకీకరణ జరిగి జీతాలు ఒకటికి ఒకటి లెక్కన పశ్చిమ మార్కుల్లోకి మారాయి. ఆ తర్వాత పశ్చిమ స్థాయికి చేరేలా ఏటా పెరుగుతూ పోయాయి. అదే సమయంలో ప్రేక్షకులు తగ్గారు. పాత రోజుల్లో సీజన్ టికెట్లు పెద్ద ఎత్తున ఫ్యాక్టరీల ద్వారా, కార్మిక సంఘాల ద్వారా పోయేవి. ఒక కర్మాగారం వందల సీట్లు ఒకేసారి తీసుకునేది. ఆ కర్మాగారం, తూర్పు ప్రభుత్వ ఆస్తులను ప్రైవేటుపరం చేసే ట్రాయ్‌హాండ్ సంస్థ చేతికి వెళ్ళి మూతపడితే, సీజన్ టికెట్ల పుస్తకంలో ఒక పేజీ మొత్తం ఖాళీ అయ్యేది.

దీనికి రెండు ఉపాయాలు వాడారు.

ఒకటి, సంస్థ వరకే చెల్లే జీతాల ఒప్పందం. సిబ్బంది జీతంలో కొంత శాతమో, పండగ బోనసో వదులుకుంటారు. బదులుగా ఒప్పందం ఉన్నన్నాళ్ళూ ఎవరినీ తీసేయమని యాజమాన్యం రాసిస్తుంది. మూడు, నాలుగేళ్ళకని రాసుకున్నది మళ్ళీ మళ్ళీ పొడిగిస్తూ పోయిన చోట్లున్నాయి. చిక్కేమిటంటే, జాతీయ ఒప్పందపు జీతానికీ చేతికి వచ్చే జీతానికీ మధ్య దూరం ఏటికేడు పెరుగుతుంది. ఒప్పందం ముగిసిన రోజున ఆ తేడా అంతా ఒక్కసారి బడ్జెట్ మీద పడుతుంది. ఈలోపు పడుచు వాద్యకారులు మంచి జీతమిచ్చే ఊళ్ళకు వెళ్ళిపోతారు.

రెండోది విలీనం. ఆల్టెన్‌బుర్గ్, గేరా పట్టణాల నాటకశాలలు 1995లో కలిశాయి. ప్లౌయెన్, త్స్వికౌ 2000లో, గోర్లిట్స్, త్సిట్టౌ 2011లో. రెండు భవనాలూ తెరిచే ఉంటాయి, బృందం ఒకటవుతుంది. అనుకున్నంత డబ్బు మిగలదు. సెట్టు రెండు వేర్వేరు కొలతల వేదికల మీద పట్టేలా తయారవ్వాలి. రిహార్సల్ ఒక ఊళ్ళో, ప్రదర్శన ఇంకో ఊళ్ళో. ప్రయాణ సమయం కూడా పని గంటల లెక్కలోకి వస్తుంది. నిజంగా మిగిలేది ఆర్కెస్ట్రాలను కలిపినప్పుడే. అందుకే కోత ఎప్పుడూ అక్కడే పడింది.

ఆర్కెస్ట్రాల జీతాల శ్రేణి పోస్టుల సంఖ్యను బట్టి ఉంటుంది. ఎ శ్రేణికి కనీసం 99 పోస్టులు, బి శ్రేణికి 66. బి శ్రేణి బృందంలో రిటైరైనవాళ్ళ స్థానాలు నింపకుండా 65కు దింపితే మిగిలిన అందరి జీతాల శ్రేణి కూడా ప్రశ్నలో పడుతుంది. ఒక ఓబో (ఊదే వాద్యం) పోస్టు ఖాళీగా ఉంచడం వెనక అంత కథ ఉంది. 1992లో జర్మనీ మొత్తంలో 168 ఆర్కెస్ట్రాలు ప్రభుత్వ సొమ్ముతో నడిచేవి. 2018 నాటికి 129కి వచ్చాయి. పోయినవాటిలో ఎక్కువ తూర్పువే.

అయితే కోత తూర్పుకే పరిమితం కాలేదు. 1993లో పశ్చిమ బెర్లిన్‌లోని షిల్లర్ థియేటర్‌ను నగర ప్రభుత్వమే మూసేసింది.

ఓరుగల్లు_పాఠకుడు:

ఇద్దరికీ ధన్యవాదాలండి. కేంద్రం డబ్బు ఆగాక తూర్పు రాష్ట్రం సాక్సనీ ఏదో ప్రత్యేక చట్టం చేసిందని చదివాను. అది నిజంగా ఎలా పనిచేస్తుంది? ఎవరు ఎవరికి కడతారు?

పద్దుల_పుస్తకం:

దాన్ని సాంస్కృతిక ప్రాంతాల చట్టం అనుకోవచ్చు. 1993 డిసెంబర్‌లో శాసనసభ ఆమోదించింది, 1994 ఆగస్టు 1 నుంచి అమలు. అందులో కీలకం ఒకే వాక్యం: సంస్కృతిని పోషించడం పట్టణాలకు, జిల్లాలకు తప్పనిసరి పని. మిగతా జర్మనీ రాష్ట్రాల్లో ఐచ్ఛికమైనదాన్ని ఇక్కడ తప్పనిసరి చేశారు. లోటు బడ్జెట్‌లో పడిన పట్టణం "పై అధికారులు కొట్టేయమన్నారు" అని చేతులెత్తేసే వీలు తగ్గిపోయింది.

డబ్బు నడిచే తీరు ఇది. పక్కపక్క జిల్లాలు కలిసి ఒక ప్రాంతంగా ఏర్పడతాయి. మొదట్లో గ్రామీణ ప్రాంతాలు 8 ఉండేవి. 2008లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ తర్వాత 5 అయ్యాయి. లైప్జిగ్, డ్రెస్డెన్, కెమ్నిట్స్ నగరాలు ఒక్కొక్కటీ ఒక ప్రాంతం. సభ్య జిల్లాలు ఏటా సాంస్కృతిక వాటా కడతాయి. రాష్ట్రం దాని మీద తన వాటా వేస్తుంది. జిల్లా వాటా తగ్గిస్తే రాష్ట్రం సొమ్ము కూడా జారిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, జిల్లా సభలో కోత అడిగేవాళ్ళు రెండుసార్లు ఆలోచించాలి. ఇక నాటకశాలో ప్రదర్శనశాలో ఏ ఊళ్ళో ఉందో ఆ ఊరు విడిగా తన వంతు వేయాలి. ఇది లేకుండా దరఖాస్తే చెల్లదు. నాటకశాల ఉన్న పట్టణం ఖర్చు పెడుతుంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఉచితంగా చూసి వెళ్తారన్న పాత ఫిర్యాదుకు జిల్లాలన్నీ కట్టే సాంస్కృతిక వాటాయే జవాబు.

ఏ సంస్థకు ఎంత అన్నది జిల్లా అధిపతులు, జిల్లా సభల ప్రతినిధులు కూర్చునే మండలి నిర్ణయిస్తుంది. దానికి ముందు కళారంగం తెలిసినవాళ్ళ సలహా సంఘం దరఖాస్తులు చూసి సిఫారసు చేస్తుంది. మంత్రిగారు ఫలానా నాటకశాలకు ఇవ్వండి, ఫలానాదానికి ఆపండి అని చెప్పే దారి ఇందులో లేదు. నలభై ఏళ్ళు బెర్లిన్ నుంచి ఉత్తర్వులు అందుకున్న చోట ఇది చిన్న విషయం కాదు.

లోపాలు లేకపోలేదు. మొదట కాలపరిమితి పెట్టి చేశారు, ప్రతి పొడిగింపుకూ పేచీ. 2008లో కాలపరిమితి తీసేసి రాష్ట్రం వాటా ఏటా కనీసం 86.7 మిలియన్ యూరోలని రాశారు. అంకె చట్టంలో ఉంటే భద్రత, కానీ ధరలతోపాటు అది దానంతట పెరగదు. జీతాలు పెరిగిన ప్రతి ఏడాదీ దాని విలువ కొంచెం కరుగుతుంది. ఇంకోటి: 2011లో రాష్ట్రం తాను నేరుగా పోషించే సంచార నాటక సంస్థ ఖర్చులో కొంత ఈ నిధిలోంచే తీసింది. అంకె మారలేదు, పంచుకునేవాళ్ళు పెరిగారు. పద్దులు చదివేవాళ్ళు ముందు చూడాల్సింది ఇలాంటి చోటే.

రీలుపెట్టె:

సినిమా వైపు నుంచి. తూర్పు జర్మనీ స్టూడియో డెఫా, 1946లో పోట్స్‌డామ్‌లోని బాబెల్స్‌బర్గ్‌లో మొదలైంది. దాన్ని అమ్మేటప్పుడు రెండు వేర్వేరు ఆస్తులున్నాయి: నేల, షెడ్లు, యంత్రాలు ఒకటి, తీసిన సినిమాల హక్కులు, నెగటివ్‌లు రెండోది. 1992లో ట్రాయ్‌హాండ్ మొదటిదాన్ని ఫ్రెంచ్ కంపెనీ కొంపానీ జెనెరాల్ దెజోకు అమ్మింది. దర్శకుడు ఫోల్కర్ ష్లోండార్ఫ్ కొన్నేళ్ళు స్టూడియోను నడిపాడు. సినిమాలను దానితో కలిపి పంపలేదు. సుమారు 700 కథాచిత్రాలు, వేల డాక్యుమెంటరీలు, కార్టూన్లు 1998లో ఏర్పడ్డ డెఫా ఫౌండేషన్ కిందికి వచ్చాయి. హక్కుల మీద వచ్చే రాబడితో పాత రీళ్ళ పునరుద్ధరణ, కొత్తవాళ్ళకు గ్రాంట్లు. ఈ విడదీత జరగకపోతే ఆ సినిమాలు రియల్ ఎస్టేట్ లావాదేవీలో అనుబంధంగా కొట్టుకుపోయేవి. ఏ దేశమైనా స్టూడియో అమ్ముతుంటే ముందు అడగాల్సింది ఇదే: నెగటివ్ ఎవరిది, హక్కు ఎవరిది, అవి భవనంతోపాటే పోతున్నాయా?

పోలండ్ దారి వేరు. అక్కడ 1990లలో సినిమాకు ప్రభుత్వ సొమ్ము ఏటి బడ్జెట్ దయాదాక్షిణ్యం మీద ఉండేది. 2005 జూన్ 30 నాటి చట్టం పోలిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌ను పెట్టి, దానికి సొంత రాబడి చూపించింది. సినిమా హాళ్ళు, పంపిణీదారులు, టీవీ ఛానెళ్ళు, కేబుల్ ఆపరేటర్లు తమ సంబంధిత రాబడిలో 1.5 శాతం కట్టాలి. 2020లో ఆన్‌లైన్ వీడియో సేవలనూ చేర్చారు. గ్రాంటు సాధారణంగా నిర్మాణ ఖర్చులో సగం మించదు. మిగతా సగం నిర్మాత తెచ్చుకోవాలి కాబట్టి టీవీ ఛానెలో, పక్క దేశపు భాగస్వామో ఉండి తీరాలి.

దీంట్లో బలహీనత: రాబడి నేరుగా వసూళ్ళకు కట్టేశారు. హాళ్ళు మూతపడిన కోవిడ్ ఏడాదిలో ఆ వైపు రాబడి కూడా పడిపోతుంది. టీవీ, కేబుల్ వాటాలు ఉండబట్టి నిలుస్తుంది. లెవీ ఎప్పుడూ రెండు మూడు రకాల వ్యాపారాల మీద పరిచి ఉండాలి అనేది అందుకే.

గ్రంథాలయి:

పుస్తకాల సంగతి ఇంకా చేదుగా నడిచింది.

తూర్పు జర్మనీలో ప్రభుత్వ లైసెన్సు ఉన్న ప్రచురణ సంస్థలు 78. ప్రతి పుస్తకం అచ్చుకు ముందు మంత్రిత్వ శాఖ అనుమతి కావాలి, కాగితం కోటా కూడా వాళ్ళే ఇస్తారు. పంపిణీ అంతా లైప్జిగ్‌లోని ఒకే టోకు సంస్థ ద్వారా. 1990 జూలైలో పశ్చిమ మార్కు రాగానే దుకాణాలు షెల్ఫులు ఖాళీ చేసి పశ్చిమ పుస్తకాలు, ట్రావెల్ గైడ్లు, పన్నుల పుస్తకాలు నింపాయి. టోకు సంస్థకు వచ్చిన కొత్త ఆర్డర్లు నిలిచిపోయాయి. గోదాముల్లోని కొత్త పుస్తకాలు, విప్పని కట్టలతో సహా, లైప్జిగ్‌కు దక్షిణాన ఒక పాత గని గోతిలో పారబోశారు. 1991లో పశ్చిమాన కాట్లెన్‌బుర్గ్ అనే ఊరి పాస్టర్ లారీలు పెట్టి వాటిని ఏరుకొచ్చి, తీసుకున్నవాళ్ళ విరాళాలతో పంచాడు. ఆ గోతిలో ప్రచార కరపత్రాలొక్కటే లేవు. టాల్‌స్టాయ్, గేటే, హైన్రిక్ మాన్ కూడా ఉన్నారు.

ప్రైవేటీకరణలో ఏం తప్పు జరగొచ్చో చూడాలంటే ఔఫ్‌బౌ సంస్థను చూడండి. 1945లో పుట్టిన పేరున్న ప్రచురణ సంస్థ. 1991లో ట్రాయ్‌హాండ్ దాన్ని ఫ్రాంక్‌ఫర్ట్ వ్యాపారి బెర్న్ట్ లుంకెవిట్స్‌కు అమ్మింది. తర్వాత తేలిందేమిటంటే, ఆ సంస్థ అసలు యజమాని కుల్టూర్‌బుండ్ అనే సాంస్కృతిక సంఘం, ట్రాయ్‌హాండ్‌ది కాదు. తనది కానిదాన్ని అమ్మింది. లుంకెవిట్స్ 1995లో అసలు యజమాని నుంచి మళ్ళీ కొన్నాడు. ఏళ్ళ తరబడి దావాలు నడిచి 2008లో అత్యున్నత న్యాయస్థానం యాజమాన్యం సంగతి తేల్చింది. అదే ఏడాది సంస్థ దివాలా పిటిషన్ వేసి మరో కొనుగోలుదారు చేతికి వెళ్ళింది. దీనికి తోడు ఇంకో బరువు: పాత రోజుల్లో పశ్చిమ రచయితల పుస్తకాలు లైసెన్సులో రాసిన సంఖ్య కన్నా ఎక్కువ అచ్చేసి లెక్కల్లో చూపించలేదు. 1990 తర్వాత పశ్చిమ ప్రచురణకర్తలు ఆ ప్రతులకు పరిహారం అడిగారు. కొనే ముందు అచ్చు రిజిస్టర్లు తనిఖీ చేయాలి అన్నది ఇలాంటి కారణాలకే.

పోలండ్‌లో సెన్సార్ కార్యాలయాన్ని 1990 ఏప్రిల్ 11 నాటి చట్టం రద్దు చేసింది. మే 27న తొలి స్వేచ్ఛాయుత స్థానిక ఎన్నికలు. ఊరి గ్రంథాలయం, సాంస్కృతిక గృహం పంచాయతీలాంటి గ్మీనా చేతికి వచ్చాయి. 1999 జనవరిలో 49 ప్రాంతాలను 16 చేస్తూ పెద్ద నాటకశాలలు, ప్రదర్శనశాలలను కూడా ఎక్కువ భాగం స్థానిక ప్రభుత్వాలకు దింపేశారు. బాధ్యత పూర్తిగా దిగింది, డబ్బు అంత పూర్తిగా దిగలేదు. గ్రంథాలయాలను కాపాడింది 1997 నాటి చట్టం. ప్రతి గ్మీనాలో కనీసం ఒక ప్రజా గ్రంథాలయం ఉండాలని అందులో ఉంది. కాబట్టి ముఖ్య గ్రంథాలయాలు నిలిచాయి. చట్టం పేరెత్తని ఊరి శాఖలు, ఫ్యాక్టరీ గ్రంథాలయాలు పోయాయి.

తుంగభద్ర_తీరం:

అందరూ చట్టంలో రాస్తే చాలన్నట్టు చెబుతున్నారు. నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కావడం లేదు. హంగరీని చూడండి.

1993లో హంగరీ జాతీయ సాంస్కృతిక నిధి పెట్టింది. సాంస్కృతిక వస్తుసేవల మీద లెవీ, పంపకం కళాకారుల సంఘాల నిపుణులు కూర్చున్న కమిటీల చేతిలో. మంచి నమూనాయే. 2010 నుంచి లెవీ బదులు ఐదు సంఖ్యలు ఎంచుకునే లాటరీ మీది గేమింగ్ పన్నులో 90 శాతం ఆ నిధికి మళ్ళించారు. డబ్బు వచ్చింది. కానీ కమిటీల్లో ఎవరు కూర్చోవాలన్న దాన్లో ప్రభుత్వం మాట పెరిగితే, డబ్బు దారి ఎంత శుభ్రంగా ఉన్నా ఫలితం మారిపోతుంది.

2009లో ఇంకో ఉపాయం. కంపెనీలు తమ లాభాల పన్నులో కొంత నాటకశాలలకు ఇవ్వొచ్చు. ఒక నాటకశాల తీసుకోగలిగే మొత్తం దాని టికెట్ల రాబడిలో 80 శాతం దాకా. సూత్రం బాగానే ఉంది, ప్రోత్సాహం మాత్రం వంకరగా పడింది. టికెట్ల రాబడి ఎంత ఎక్కువ చూపిస్తే అంత ఎక్కువ వస్తుంది. చిన్న ప్రయోగ బృందాలకు టికెట్ల రాబడి తక్కువ కాబట్టి వాటా తక్కువ. దుర్వినియోగం కారణం చూపి 2018 చివరికి ప్రభుత్వం దీన్ని ఎత్తేసింది. పన్ను రాయితీ మీద ఆధారపడ్డ బృందాలు అప్పటినుంచి మంత్రిత్వ శాఖకే దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది.

పద్దుల_పుస్తకం:

@తుంగభద్ర_తీరం గారూ, మీరన్నది ఒప్పుకుంటాను, ఒక్క తేడాతో. సాక్సనీలో నిర్ణయించే మండలి సభ్యులను రాష్ట్ర మంత్రి నియమించడు, వాళ్ళు జిల్లాల్లో ఎన్నికైనవాళ్ళు. రాజధానిలో ప్రభుత్వం మారినా మండలి మారదు. డబ్బు ఎక్కడినుంచి అన్నదాంతోపాటు ఎవరి నియామకంతో అన్నది కూడా చట్టంలో ఉండాలి. హంగరీలో మొదటిది గట్టిగా రాశారు, రెండోది వదులుగా వదిలారు.

కొల్లేటి_కొంగ:

ఫ్యాక్టరీ సాంస్కృతిక భవనాల ప్రస్తావన మొదటి పోస్టులో ఉంది, ఎవరూ ముట్టుకోలేదు.

అవి సంస్కృతి శాఖ ఆస్తులు కావు, ఫ్యాక్టరీ ఆస్తులు. అందువల్ల ఏకీకరణ ఒప్పందం 35వ అధికరణం కన్నా ముందు ట్రాయ్‌హాండ్ చట్టం వాటిని పట్టుకుంది. ట్యూరింగియాలో ఉంటర్‌వెల్లెన్‌బోర్న్ ఉక్కు కర్మాగారపు సాంస్కృతిక సౌధం 1955లో తెరిచారు. ముందు స్తంభాలు, లోపల షాండిలియర్లు, పెద్ద రంగస్థలం. ఊరు చూస్తే చిన్నది. 1990ల నుంచి చాలాకాలం తాళం పడి ఉంది. ఇలాంటి వాటికి వేడి చాలాచోట్ల ఫ్యాక్టరీ బాయిలర్ నుంచి గొట్టంలో వచ్చేది. ఫ్యాక్టరీ ఆగితే వేడి ఆగుతుంది. జర్మనీ చలికి వేడి లేని భవనంలో నీటి గొట్టాలు మొదటి శీతాకాలమే పగులుతాయి, తర్వాత పైకప్పు, తర్వాత చెక్కపలకల నేల. రక్షిత కట్టడం అని బోర్డు పెడితే కూల్చడం ఆగుతుంది. కప్పు మరమ్మతుకు డబ్బు మాత్రం ఆ బోర్డు తేదు.

ఓరుగల్లు_పాఠకుడు:

ఇంకో సందేహం. మాస్కో నుంచి విశాలాంధ్ర దుకాణాలకు వచ్చిన తెలుగు పుస్తకాలు ఆగిపోవడం కూడా ఇదే మార్పులో భాగమేనా?

గ్రంథాలయి:

భాగమే. ప్రగతి ప్రచురణాలయం, 1982లో దానినుంచి సాహిత్యం కోసం విడిపోయిన రాదుగ, రెండూ ప్రభుత్వ సంస్థలు. విదేశీ భాషల విభాగాలు లాభనష్టాల మీద నడవలేదు, రాజ్య విధానంగా నడిచాయి. తెలుగు విభాగానికి రాచమల్లు రామచంద్రారెడ్డి, ఉప్పల లక్ష్మణరావు లాంటివాళ్ళు మాస్కోలో ఉండి అనువాదాలు చేశారు. గట్టి అట్ట, రంగుల బొమ్మలు ఉన్న పుస్తకం అంత తక్కువ ధరకు వచ్చిందంటే ఖర్చు సోవియట్ ఖజానా భరించింది కాబట్టే. 1990 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చిన పత్రికా చట్టం సెన్సార్‌ను రద్దు చేసింది. 1991 చివర సోవియట్ యూనియనే లేకుండా పోయింది. ఆ సబ్సిడీకి కొత్త యజమాని ఎవరూ రాలేదు. *సోవియట్ భూమి* పత్రిక కూడా అలాగే ఆగింది.

ఇప్పుడు ఆ అనువాదాలు మళ్ళీ వేయాలనుకునేవాళ్ళు మూడు హక్కులు విడివిడిగా చూసుకోవాలి: మూల రచయితది, బొమ్మలు వేసినవారిది, తెలుగు అనువాదకుడిది. మన చట్టంలో అనువాదానికి సొంత హక్కు ఉంది, అనువాదకుడు పోయాక 60 ఏళ్ళు నడుస్తుంది. అయితే అనువాదకుడు సంస్థ ఉద్యోగిగా చేశాడా, విడి ఒప్పందం మీద చేశాడా అన్నదాన్నిబట్టి హక్కుదారు మారవచ్చు. పాత కాగితాలు దొరికితే అవే ముందు చూడాలి.

లుసాతియా_దారి:

భాష సంగతి వచ్చింది కాబట్టి సోర్బుల గురించి ఒక మాట. సాక్సనీ, బ్రాండెన్‌బుర్గ్‌లలో ఉండే చిన్న స్లావ్ జాతి, సొంత భాష. పాత ప్రభుత్వం వాళ్ళ ప్రచురణ సంస్థను, బౌట్సెన్‌లోని జాతీయ నృత్య సంగీత బృందాన్ని పూర్తిగా పోషించేది, సోర్బుల సంఘమైన డొమొవినాను పార్టీ గుప్పిట్లో పెట్టుకునేది. ఆ గుప్పిలి తెరుచుకున్న రోజునే పోషణ కూడా ఆగిపోయే పరిస్థితి వచ్చింది. కొన్ని లక్షల మంది కూడా లేని భాషకు మార్కెట్ ఏ కాలంలోనూ పుస్తకాలు వేయదు.

1991లో సోర్బు ప్రజల కోసం ఒక ఫౌండేషన్ పెట్టారు. ఖర్చు కేంద్రం సగం, సాక్సనీ మూడో వంతు, బ్రాండెన్‌బుర్గ్ ఆరో వంతు భరిస్తాయి. సంస్కృతి రాష్ట్రాల పనే అయినా కేంద్రం ఇక్కడ శాశ్వతంగా చెయ్యి వేసింది. ఇది చట్టం కాదు, ముగ్గురి మధ్య ఆర్థిక ఒప్పందం. గడువు తీరినప్పుడల్లా కొత్తగా కుదుర్చుకోవాలి. ఆ చర్చలు లాగిన ప్రతిసారీ బౌట్సెన్‌లో బడి పుస్తకాలు, బృందం పోస్టులు, దినపత్రిక పద్దు అన్నీ తాత్కాలిక అంచనాల మీద నడుస్తాయి. ఎవరైనా ఆ ఒప్పందాల పాఠం చూడాలనుకుంటే వాటాల నిష్పత్తి ఒక్కటే చూడకండి. ధరల పెరుగుదలకు సర్దుబాటు ఉందా, గడువు ఎన్నేళ్ళు, కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుందా అన్న మూడు వాక్యాలు వెతకండి.